గోస అంటే బాధేనా?

పోయిన సంచికలో ‘యాతన’ అనే మాట గురించి రాస్తూ, తెలంగాణలో వినిపించే ‘గోస’ సంస్కృతంలోని ‘ఘోష’ నుంచి వచ్చిందని ఒక్క వాక్యంలో ప్రస్తావించి వదిలేశాను. ఆ ఒక్క వాక్యానికి వచ్చినన్ని ఉత్తరాలు ఈ మధ్యకాలంలో ఈ శీర్షికకు రాలేదు. అందుకే ఈసారి వేరే ప్రశ్నలన్నీ పక్కన పెట్టి, గోస మీద వచ్చిన ఉత్తరాలకే జవాబులు రాస్తున్నాను.

ప్రశ్న: మా బడిలో ఎనిమిదో తరగతి పిల్లవాడు తన కుటుంబం గురించిన వ్యాసంలో ‘మా నాయనమ్మ నీళ్ల కోసం మస్తు గోస పడ్డది’ అని రాశాడు. పేపర్లు దిద్దిన తోటి ఉపాధ్యాయులు ‘గోస’ కింద ఎర్రగీత గీసి, పైన ‘బాధ’ అని రాశారు. పిల్లవాడు నా దగ్గరికి వచ్చి, ‘టీచర్, బాధ కాదు, గోసనే’ అన్నాడు. వాడికి ఏం చెప్పాలో నాకు తోచలేదు. గోస తప్పు మాటా? బాధ అని రాస్తే అర్థంలో నిజంగా తేడా వస్తుందా?
– ఒక ఉపాధ్యాయురాలు, సైదాబాద్

జవాబు: పిల్లవాడు రాసిందే సరైన మాట. తేడా వస్తుందా అంటే, చాలా వస్తుంది. ఆ తేడాను నిఘంటువు అర్థాలతో తేల్చడం కంటే, ఆ రెండు మాటల పక్కన ఏయే క్రియలు ఇముడుతున్నాయో చూస్తే సులభంగా తెలుస్తుంది.

‘నాకు బాధ వేసింది’ అంటాము, ‘బాధ కలిగింది’ అంటాము, ‘నీ మాటకు బాధనిపించింది’ అని కూడా అంటాము. ఇవన్నీ ఒక్క క్షణంలో మనసును తాకి, సాయంత్రానికి మరపున పడిపోయే సంగతులు కూడా కావచ్చు. కానీ ‘నాకు గోస వేసింది’ అని గాని, ‘గోస కలిగింది’ అని గాని తెలంగాణలో పుట్టి పెరిగినవారెవరూ అనగా నేను వినలేదు. గోసను పడతారు. ఒకరిని ఒకరు గోస పెడతారు. ఒకరి గోస ఇంకొకరు చూస్తారు, చూడలేక కళ్లు తుడుచుకుంటారు. ‘నా గోస ఎవరికి చెప్పుకోవాలె’ అని అరుగు మీద కూర్చుని వెళ్లబోసుకుంటారు. ఈ క్రియలన్నిటినీ ఒక్కచోట పెట్టి చూసినప్పుడు, గోస అనేది మనసులో మెదిలి పోయే భావం కాదనీ, రోజుల తరబడి మనిషిని పట్టుకుని ఉండే స్థితి అనీ, దానికి ఎక్కడో ఒక కారకుడు ఉంటాడనీ, ఎవరికో ఒకరికి చెప్పుకోవాలన్న తపన అందులోనే ఉందనీ అర్థమవుతుంది. ఒక్క పూట నల్లా రాకపోతే అది ఇబ్బంది. వేసవి అంతా తెల్లవారుజామున లేచి, బిందెలు వరుసలో పెట్టి, ట్యాంకరు వస్తుందో రాదో తెలియక, పని మానుకుని ఎదురుచూస్తే అది గోస. మీ విద్యార్థి నాయనమ్మ పడింది ఈ రెండోది. అక్కడ ‘బాధ’ అని దిద్దితే, నీళ్లు లేనందుకు ఆమె నొచ్చుకున్నదన్నంత వరకే వాక్యం చెప్తుంది. ఆమె నడిచిన దూరం, మోసిన బరువు, గడిచిన ఏళ్లు అందులోంచి జారిపోతాయి.

నల్లగొండ జిల్లాలోని మర్రిగూడ, నాంపల్లి మండలాల వైపు (ఈ నాంపల్లి మన రైల్వే స్టేషను ఉన్న నాంపల్లి కాదు) ఫ్లోరైడు నీళ్లు తాగి ఎముకలు వంగిపోయినవారి గురించి మాట్లాడేటప్పుడు అక్కడివారు మూడు మాటలను మూడు చోట్ల వాడటం నేను గమనించాను. మోకాళ్లకు వచ్చేది నొప్పి. కొడుకు పెళ్లికి నలుగురిలో నిటారుగా నిలబడలేకపోయినందుకు కలిగేది బాధ. కానీ ‘ఫ్లోరైడ్ గోస’ అన్నప్పుడు ఆ మాటలో ఆ నొప్పీ ఉంది, ఆ బాధా ఉంది, తాగేందుకు వేరే నీళ్లు లేక తెలిసి తెలిసీ అవే నీళ్లు తాగిన ఏళ్లున్నాయి, అర్జీలు పట్టుకుని తిరిగిన రోజులున్నాయి, తాత నుంచి మనవడి దాకా అదే నీళ్లు తాగవలసి రావడం ఉంది. లీటరు నీటిలో 1.5 మిల్లీగ్రాములకు మించి ఫ్లోరైడు ఉంటే, అవి ఏళ్ల తరబడి తాగినవారి పళ్లూ ఎముకలూ దెబ్బతినే ప్రమాదం ఉందని వైద్యశాస్త్రం చెప్తుంది. అది జబ్బు లెక్క. ఊరు ఊరంతా ఆ లెక్క కింద బతికిన బతుకును చెప్పడానికి ‘బాధ’ చాలదు కనుకనే అక్కడివారు ‘గోస’ అన్నారు.

అంతమాత్రాన బాధ తక్కువ మాట అని నేను అనటం లేదు. అది సంస్కృతంలోని ‘బాధ్’ ధాతువు నుంచి వచ్చింది. అడ్డగించడం, ఒత్తిడి పెట్టడం, పీడించడం దాని అర్థాలు. మనం రోజూ వాడే ‘బాధ్యత’ కూడా ఆ ధాతువు నుంచే వచ్చిందన్న సంగతి చాలామంది గమనించరు. నిర్బంధించదగినవాడు బాధ్యుడు. తప్పించుకోలేని ఆ కట్టుబాటు నుంచే తెలుగులో ‘జవాబుదారీ’ అనే అర్థం స్థిరపడింది. వరద బాధితులు, అగ్నిప్రమాద బాధితులు అన్నప్పుడు ఆ పాత బరువు ఇప్పటికీ వినిపిస్తుంది. ఇంట్లో మాత్రం ‘ఏమనుకోకు, బాధపడకు’ అంటూ దాన్ని చాలా తేలిక చేసుకున్నాము.

ఇక తప్పొప్పుల విషయం. పాత నిఘంటువులను పట్టుకుని మాటలను కొలిచే అలవాటు మన బడులలో ఇంకా పోలేదు. బహుజనపల్లి సీతారామాచార్యుల శబ్దరత్నాకరం 1885లో వెలువడింది. అది గొప్ప కృషి, నా బల్ల మీద ఎప్పుడూ ఉంటుంది. అయితే అది ప్రధానంగా కావ్యాలలో ప్రయోగమున్న మాటలను ఆధారం చేసుకున్నది గాని, పాలమూరు రైతు నోటి మాటను వెతుక్కుంటూ పోయినది కాదు. పల్లెలకు వెళ్లి, వృత్తిపనివారిని అడిగి, వారు చెప్పిన మాటను చెప్పినట్టుగా రాసుకునే పని మాండలిక వృత్తిపదకోశంతో పెద్ద ఎత్తున మొదలయింది. భద్రిరాజు కృష్ణమూర్తి గారి ఆధ్వర్యంలో వ్యవసాయ పదాలతో దాని మొదటి సంపుటం 1962లో వచ్చింది. కాళోజీ నారాయణరావు గారు బడిపలుకుల భాష కాదు, పలుకుబడుల భాష కావాలన్నారు. ఆయన పుట్టిన సెప్టెంబరు 9వ తేదీని తెలంగాణ భాషా దినోత్సవంగా జరుపుతున్నాము. ఆ రోజు ఉపన్యాసాలు ఇచ్చి, మరునాడు పిల్లవాడి పేపరులో గోస కింద ఎర్రగీత గీయడం న్యాయం కాదు. ఆ మార్కులు తిరిగి ఇప్పించండి.

ప్రశ్న: సంస్కృతంలో ‘ఘోష’ శబ్దానికి ధ్వని అనీ, గొల్లపల్లె అనీ అర్థాలు చదువుకున్నాము. అలంకారశాస్త్రంలో లక్షణకు, అంటే మాటకు ఉన్న నేరు అర్థం కుదరనప్పుడు దానికి సంబంధించిన మరో అర్థం తీసుకోవడానికి, ఉదాహరణగా ‘గంగాయాం ఘోషః’ (గంగలో గొల్లపల్లె, అంటే గంగ ఒడ్డున అని) పాఠం చెప్పాను కూడా. ఎక్కడా బాధ అనే అర్థం లేదు. అలాంటప్పుడు గోస ఘోష నుంచి వచ్చిందనడం ఎలా కుదురుతుంది? నా మిత్రులొకరు అది గోషామహల్‌లో ఉన్న గోషాయే అంటున్నారు.
– ఒక విశ్రాంత సంస్కృత అధ్యాపకులు, నారాయణగూడ

జవాబు: రూపం విషయంలో చిక్కేమీ లేదు. సంస్కృతపు మాట తెలుగు నోట నలిగినప్పుడు ఒత్తు పోవడం, షకారం సకారం కావడం మామూలే. భాష బాస అయింది, దోషం దోసమయింది, వేషం వేసమయింది, ఘంట గంట అయింది. అదే దారిలో ఘోష గోస అయింది.

మీ సందేహమంతా అర్థం దగ్గర ఉంది. దానికి ‘బాస’నే చూడండి. ‘భాష’ అలాగే ఉండిపోయి మాట్లాడే భాషకు పేరయింది. దాని వికృతి ‘బాస’ మాత్రం ‘బాస చేశాడు’, ‘బాస తప్పాడు’ అనే ప్రయోగాలలో ప్రమాణం అనే అర్థానికి వచ్చి నిలిచింది. ‘శ్రీ’ పేరుకు ముందు గౌరవంగా నిలిస్తే, ‘సిరి’ ఇంట్లోని సంపద అయింది. ప్రకృతీ వికృతీ రెండూ భాషలో మిగిలినప్పుడు అవి అన్నదమ్ముల్లా వాటాలు పంచుకుంటాయి. ఘోష, గోసల మధ్య జరిగిన పంపకం కూడా అలాంటిదే. ధ్వని అంతా ఘోషకు పోయింది: సముద్ర ఘోష, వేద ఘోష, చివరికి వ్యాకరణంలో గ, జ, డ, ద, బ లను ఘోషాలనడం. ఆ ధ్వని వెనక ఉన్న మనిషి అవస్థ గోసకు వచ్చింది. అందుకే ‘ఘోషించు’ అనే క్రియ ఉంది గాని, ‘గోసించు’ లేదు.

పెద్దగా ఏడ్చిన ఏడుపు, ఆ ఏడుపుకు కారణమైన కష్టానికే పేరు కావడం తెలుగులో కొత్త కాదు. ‘గోడు’ అంటే మొదట మొర పెట్టుకోవడమే. ఇప్పుడు ‘రైతుల గోడు’ అంటే వారి కష్టమే. పత్రికలలో తరచుగా కనిపించే ‘వాపోవు’ను విడదీస్తే, అందులో ‘వాయి’ అంటే నోరు. నోరు తెరిచి ఏడవడమే వాపోవడం. మన భాష కష్టాన్ని తరచుగా చెవితో పట్టుకున్నది. ఎవరి కడుపులో ఏముందో మనకు తెలియదు, గొంతు లేచినప్పుడే తెలుస్తుంది.

ఈ నగరానికి సంబంధించిన ఒక ఉదాహరణతో రెండు మాటలనూ పక్కపక్కన పెడతాను. 1908 సెప్టెంబరు 28న మూసీకి వచ్చిన వరదలో వేలమంది కొట్టుకుపోయారు. అప్పటి అఫ్జల్ పార్కులో, అంటే ఇప్పటి ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో ఉన్న చింతచెట్టు ఎక్కి సుమారు 150 మంది ప్రాణాలు దక్కించుకున్నారు. ఆ చెట్టు ఇప్పటికీ ఉంది. ఆ రాత్రి నదిది ఘోష. చెట్టు కొమ్మలను పట్టుకుని, కింద నీళ్లలో తమవారు కొట్టుకుపోతుంటే చూస్తూ గడిపినవారిది గోస. ఈ రెండింటినీ తారుమారు చేసి ఏ తెలంగాణ మనిషీ అనడు.

మీ మిత్రులు చెప్పిన గోషా వేరే మాట. అది ఫారసీ. మూల, ఏకాంతం అని దాని అర్థం. పరాయి మగవారి కంట పడకుండా ఉండే పరదా పద్ధతికి దక్షిణాదిన ‘గోషా’ అనే పేరు నిలిచింది. ఆ పద్ధతి పాటించే స్త్రీల కోసం కట్టిన ఆసుపత్రులను గోషా ఆసుపత్రులన్నారు. మద్రాసులో తిరువల్లిక్కేణిలో ఉన్న ఆసుపత్రిని పెద్దవాళ్లు ఇప్పటికీ ఆ పేరుతోనే పిలుస్తారు. విశాఖపట్నంలో అదే మాటకు ఒత్తు చేర్చి ‘ఘోషాసుపత్రి’ అని రాస్తారు. ఫారసీ మాటకు సంస్కృతం చొక్కా తొడిగినట్టయింది గనుక, దాన్ని చూసి మీ మిత్రులకు అనుమానం రావడంలో తప్పు లేదు. పనిలో పనిగా, ‘గోసి గొంగడి’లోని గోసికి కూడా దీనితో సంబంధం లేదు. అది గోచి.

ప్రశ్న: మా అత్తమ్మ ఎవరైనా ఇంటి పనిమనిషికి జీతం ఎగ్గొట్టారని వింటే, ‘ఆమె గోస తాకుతది వాళ్లకు, ఊకె పోదు’ అంటుంది. నాకు అది శాపం పెట్టినట్టు అనిపించి భయం వేస్తుంది. గోస అంటే శాపం కూడానా?
– ఒక గృహిణి, యూసుఫ్‌గూడ

జవాబు: శాపానికీ దీనికీ ఒక ముఖ్యమైన భేదం ఉందమ్మా. శాపం పెట్టాలంటే ఎవరో ఒకరు నోరు తెరిచి పెట్టాలి. గోస తాకడానికి ఎవరూ ఏమీ అనవలసిన పని లేదు. జీతం అందని ఆ మనిషి తన పిల్లల ముందు కూర్చుని ‘ఈ నెల ఎట్లా’ అని అనుకుంటే చాలు, అదే తాకుతుందని మీ అత్తమ్మగారి నమ్మకం. ‘ఉసురు తగులుతుంది’ అన్నప్పుడు కూడా ఇదే భావన. ఉసురు అంటే ఊపిరి, ప్రాణం. కన్నడంలో శ్వాసను ఇప్పటికీ ‘ఉసిరు’ అనే అంటారు. మనం ‘ఉసూరుమన్నాడు’ అన్నప్పుడు వినిపించే నిట్టూర్పు అదే. ఊపిరైనా, ఏడుపైనా, కష్టపడ్డ మనిషి లోపలి నుంచి బయటికి వచ్చినది గాలిలో కలిసిపోదనీ, కారకుడిని వెతుక్కుంటూ పోతుందనీ పెద్దలు నమ్మారు. ‘పేదల గోస పోసుకోకు’, ‘ఆడబిడ్డ ఉసురు పోసుకోకు’ అని రెండు మాటలనూ ఒకే క్రియతో వాడటం చూడండి. నెత్తిన నీళ్లు పోసుకున్నట్టు, అన్యాయం చేసినవాడే దాన్ని తన మీద పోసుకుంటున్నాడు.

మీ ఇంటికి నాలుగు వీధుల అవతల దక్కనీ ఉర్దూ మాట్లాడే అవ్వను అడిగినా ఇదే చెప్తుంది. ‘గరీబ్ కీ హాయ్’ తగులుతుందని వాళ్లంటారు. ఆ ‘హాయ్’ బాధతో నోట వచ్చే అరుపే. ఒకే నగరంలో పక్కపక్కన బతికిన రెండు భాషలు, ఒకటి ద్రావిడ కుటుంబానిది, మరొకటి దానికి దూరమైనది, పేదవాడి మొరకు ఒకే బలం ఉందని చెప్పాయి. ఎవరు ఎవరి దగ్గర నేర్చుకున్నారన్న విచారణ కంటే, ఇద్దరికీ ఒకే అనుభవం ఉండటం నన్ను ఎక్కువగా ఆకట్టుకున్నది.

మీరు భయపడవలసిన పని లేదు. మీ అత్తమ్మగారు ఎవరికీ చెడు కోరటం లేదు. అర్జీ పెట్టుకునే చోటు లేనివారి తరఫున ఆమె సాక్ష్యం చెప్తున్నారు.

ప్రశ్న: మాది కాకినాడ. హైదరాబాదులో ఒక ప్రభుత్వాసుపత్రిలో నర్సుగా చేరి రెండేళ్లయింది. రోగులు ‘పానం మస్తు గోస పెడుతుంది సిస్టరమ్మా’ అంటారు. నేను కేసు షీటులో నొప్పి అని రాసేస్తున్నాను. అది సరైనదేనా?
– ఒక పాఠకురాలు, బేగంబజార్

జవాబు: ఇది నిఘంటువుతో ఆగే ప్రశ్న కాదు, చికిత్సకు సంబంధించినది. అందుకే కొంచెం నిదానంగా చెప్తాను. ముందు ‘పానం’ సంగతి. అది ‘ప్రాణం’ నుంచి వచ్చిన మాటే గాని, తెలంగాణలో ఒంటికీ ఆరోగ్యానికీ కూడా అదే పేరు. ‘పానం బాగలేదు’ అంటే ఒంట్లో బాగులేదని. ప్రాణం మీదికి వచ్చిందని మీరు కంగారు పడకూడదు, అలాగని తేలిగ్గానూ తీసుకోకూడదు. ‘పానం గోస పెడుతుంది’ అన్నవారికి నొప్పే ఉండాలన్న నియమం లేదు. రాత్రంతా నిద్ర లేకపోవడం, తిన్నది ఇమడకపోవడం, ఆయాసం, దురద, పది రోజులుగా తగ్గని జ్వరం, వీటిలో ఏదైనా గోస పెట్టవచ్చు. ఆ మాటతో వారు మీకు ముఖ్యంగా చెప్తున్నది, ఇది ఇవాళ మొదలైంది కాదనీ, ఇక ఓర్చుకోలేక వచ్చామనీ. కాబట్టి ‘నొప్పి’ అని రాయకముందు ‘ఎన్ని దినాల సంది, ఏడ గోస పెడుతుంది, ఎట్లుంటుంది’ అని వారి మాటతోనే అడగండి.

అప్పుడు వారే విడదీసి చెప్తారు. నొప్పి అచ్చమైన మన మాట. తమిళంలోని నోవు, కన్నడంలోని నోవు, మన ‘నొచ్చుకొను’ అన్నీ ఒకే కుదురువి. కానీ ఆ ఒక్క మాట కింద తెలుగు ఎన్ని రకాలను గుర్తించిందో చూడండి. పుండు సలుపుతుంది. కడుపులో మంట. గుండెలో పోటు. నరం గుంజుతుంది. కాళ్లు పీకుతున్నాయి, తీపులు పెడుతున్నాయి. తల పగిలిపోతున్నది. పన్ను జివ్వుమంటుంది. ‘నొప్పులు’ అని బహువచనంలో అన్నారంటే చాలాచోట్ల అది కాన్పు మాట. రోగి వాడిన క్రియను ఉన్నదున్నట్టు కేసు షీటులో రాస్తే, మంటకూ పోటుకూ ఉన్న తేడా డాక్టరుకు చాలా చెప్తుంది. మీరు ఈ ప్రశ్న అడిగినందుకు నాకు చాలా సంతోషం కలిగింది. మీ వార్డులో ఉన్నవారు అదృష్టవంతులు.

ప్రశ్న: గోసకూ అరిగోసకూ తేడా ఏమిటి? తిప్పలు కూడా ఇదేనా?
– ఒక డిగ్రీ విద్యార్థి, దిల్‌సుఖ్‌నగర్

జవాబు: అరిగోస గోస కంటే తీవ్రమైనది. ఇక భరించలేని చోట, ఎటు చూసినా దారి లేని చోట ఆ మాట వస్తుంది. తిప్పలు వేరు. ‘తిప్పు’ అనే క్రియ అందులో వినిపిస్తూనే ఉంది గదా. ఒక సర్టిఫికెట్ కోసం ఈ కిటికీ నుంచి ఆ కిటికీకి తిరగడం తిప్పలు. పని పూర్తయిన రోజున తిప్పలు తీరిపోతాయి, నవ్వుతూ చెప్పుకోవచ్చు కూడా. గోసను అంత తేలికగా నవ్వుతూ చెప్పలేరు. ‘పరేషాన్’ ఫారసీలో చెదిరిపోయినదని అర్థమిచ్చే మాట. మనసు ఒకచోట నిలవకపోవడం. ‘తక్లీఫ్’ అరబీలో భారం మోపడం. ‘రంది’ లోపల దాచుకునే దిగులు. ఇవన్నీ ఈ నగరంలో రోజూ వినిపించే మాటలే. ఒకదాని బదులు ఒకటి వేసి చూస్తూ పోతే, ఎక్కడ ఏది ఒదగదో మీకే తెలుస్తుంది.

ప్రశ్న: ఒక పత్రికలో ఉపసంపాదకునిగా పనిచేస్తున్నాను. జిల్లా పేజీలలో ‘నీళ్ల గోస’, ‘కరెంటు గోస’, ‘యూరియా గోస’, ‘ట్రాఫిక్ గోస’ అని శీర్షికలు పెడుతున్నాము. చిన్న మాట కాబట్టి కాలమ్‌లో సరిగ్గా ఇముడుతుంది. ఇలా వాడటం మీద మీ అభిప్రాయం?
– ఒక పాఠకుడు, సోమాజిగూడ

జవాబు: ఈ మాట పత్రికలలోకి రావడమే నాకు మొదట ఆనందం. ఒకప్పుడు దాన్ని రాస్తే అచ్చుతప్పు అనుకుని దిద్దేవారు. తెలంగాణ ఉద్యమకాలంలో పాటలలో, గోడల మీద, ఉపన్యాసాలలో ఈ మాట ఊరేగింది. 2014 జూన్ 2న రాష్ట్రం ఏర్పడే నాటికి ఏ ప్రాంతపు తెలుగువారికైనా అర్థం చెప్పనవసరం లేనంతగా తెలిసింది. ఇది ఆ మాట సాధించుకున్న స్థానం.

అందుకే దాన్ని జాగ్రత్తగా వాడమని కోరుతున్నాను. యూరియా కోసం రైతు తెల్లవారకముందే వచ్చి చెప్పులు వరుసలో పెట్టి, మూడు రోజులు తిరిగి, అదును దాటిపోయి ఇంటికి వెళ్తే అది గోసే. శీర్షికలో ఆ మాటే ఉండాలి. పంజగుట్ట కూడలిలో వాన పడ్డ సాయంత్రం గంటసేపు కారులో ఆగిపోవడం చిరాకు, అవస్థ, ఇంకా కావాలంటే తిప్పలు. దాన్ని కూడా గోస అన్నప్పుడు, పక్క కాలమ్‌లో ఉన్న రైతు మాట బరువు తగ్గిపోతుంది. కాలమ్‌లో ఇముడుతుందన్న సౌకర్యం కోసం ఆ పని చేయకండి. ‘అవస్థ’ కూడా చిన్న మాటే. సంస్కృతంలో దానికి స్థితి అన్న అర్థమే ఉన్నా, ‘అవస్థ పడు’ అనగానే మనకు ఇబ్బందే స్ఫురిస్తుంది. ‘పాట్లు’ ఇంకా చిన్నది. ‘పడు’ నుంచి పుట్టిన అచ్చ తెలుగు మాట, చెడు నుంచి చేటు వచ్చినట్టు. ఇన్ని ఉండగా ఒక్క మాటనే అరగదీయడం ఎందుకు?

ప్రశ్న: మాది గుంటూరు జిల్లా. కూకట్‌పల్లిలో ఇల్లు కట్టుకుని 22 ఏళ్లయింది. మా వీధిలో అందరం కలిసిమెలిసి ఉంటాము. ఒకసారి పక్కింటి పెద్దాయన జబ్బుపడి లేచినప్పుడు ‘చాలా గోస పడ్డారండీ’ అన్నాను. ఆయన ఏమీ అనలేదు గాని, వారి అబ్బాయి ముఖం అదోలా పెట్టాడు. నేను వెక్కిరించాననుకున్నాడేమో అని ఇప్పటికీ మనసులో ఉంది. మా ప్రాంతపు వాళ్లం ఈ మాట వాడకూడదా?
– ఒక పాఠకుడు, కూకట్‌పల్లి

జవాబు: ఆ అబ్బాయి ముఖం అలా పెట్టడానికి కారణం మీరు కాదు. ఈ ప్రాంతపు మాటను చాలాకాలం నవ్వించడానికే వాడారు. గోస, పానం, రంది వంటి మాటలను హాస్యపాత్రల నోట మాత్రమే విని పెరిగిన తరం అది. కొత్తవారి నోట ఆ మాట వినిపించగానే, ముందు జాగ్రత్త పడటం వారికి అలవాటైపోయింది. ఆ అలవాటును తప్పుపట్టలేము.

అయితే మీరు వాడిన వాక్యం నాకు ఎంతో నచ్చింది. మీ ఊరి ‘అండీ’నీ, ఆయన ఊరి ‘గోస’నూ కలిపి పలికారు. మీ వైపు అదే చోట ‘చాలా ఇబ్బంది పడ్డారండీ’ అంటారు, ‘శ్రమపడ్డారండీ’ అంటారు. శ్రమ కూడా పాత మాటే. పోతన గజేంద్రుడు మొసలి నోట చిక్కి, ‘తనువున్ డస్సెన్ శ్రమంబయ్యెడిన్’ అని మొరపెట్టుకున్నప్పుడు ఆ శ్రమలో ఎంత గోస ఉందో చెప్పనవసరం లేదు. ఇప్పుడది ‘మీకు శ్రమ ఇచ్చాను’ అనే మర్యాదకూ, కార్మికుల శ్రమకూ వచ్చి చేరింది. కష్టం కూడా అంతే. ‘రెక్కల కష్టం’ అంటే కూలి పనే, ‘కష్టం చేసుకుని బతుకుతున్నం’ అంటే ఒళ్లు వంచి పని చేస్తున్నామని. జబ్బుపడ్డ మనిషి మంచం మీద గడిపిన రెండు నెలలను చెప్పడానికి మీకు ఆ మాటలు చాలలేదు. పక్కింటి వారి భాషలో ఉన్న సరైన మాట మీ నోటికి దానంతట అదే వచ్చింది. 22 ఏళ్లు ఒక వీధిలో ఉన్నవారి నోటికి ఆ వీధి మాట రావడం సహజం.

పెద్దాయన ఏమీ అనలేదని రాశారు. జబ్బు నుంచి లేచినవారు చాలాసార్లు అంతే, ఎవరైనా తమ గోసను గోస అని గుర్తిస్తే తల ఊపి ఊరుకుంటారు. మీ మనసులో ఇంకా ఉంటే, ఈ ఆదివారం ఒకసారి వెళ్లి, ‘ఇప్పుడు పానం ఎట్లుంది పెద్దాయనా?’ అని అడిగి, అబ్బాయిని కూడా కూర్చోబెట్టుకుని చాయ్ తాగి రండి.